హౌస్‌మైస్టర్ ఇచ్చిన క్యాసెట్

2008 అక్టోబర్. జర్మనీల దిగి అప్పటికి నాకు సరిగ్గా పదకొండు రోజులు. ఎసెన్‌ల స్టూడెంట్ హాస్టల్, నాలుగో అంతస్తు, రూములో హీటర్ కింద గోరువెచ్చగ ఉంటది పైన ముట్టుకుంటే చల్లగ, రాత్రిపూట రెండు స్వెట్టర్లు వేసుకుని అమ్మ కట్టిచ్చిన చెద్దరు కప్పుకుని పండుకునేది. పక్క రూమోడు చెప్పిండు, కింద సెల్లార్‌ల హౌస్‌మైస్టర్ ఉంటడు పోయి చెప్పు అని. హౌస్‌మైస్టర్ అంటే బిల్డింగ్ బాగోగులు చూసుకునే మనిషి, నల్లా కాన్నుంచి తాళం దాకా అన్నీ ఆయనే. మెట్లు దిగుతుంటేనే కింద నుంచి చప్పుడు వినొస్తుంది, ముందు ఏదో మోటర్ ఖరాబైందేమో అనుకున్న, ఇంకో పది మెట్లు దిగినంక తెలిసింది అవి డ్రమ్స్ అని.

తలుపు తీసే ఉంది. గోడ నిండా పానాలు, స్క్రూడ్రైవర్లు సైజుల వారీగా వేలాడదీసి ఉన్నయి, ఆయిల్ వాసన, నడిమిట్ల చెక్క బెంచీ, దాని మీద పాత టేప్ రికార్డర్. యాభై ఏళ్లు ఉంటయేమో, నెరిసిన జుట్టు వెనక్కి ముడేసుకున్న మనిషి ఒకాయన స్టూల్ మీద కూసోని ఉన్నడు. పనేం చేస్తలేడు, ఉత్తగ వింటున్నడు. నేను నోరు తెరిచేలోపే ఒక వేలు ఎత్తిండు, ఆగు అన్నట్టు. ఆగిన. పాట ఇంకో రెండు నిమిషాలు నడిచింది. అయిపోయినంక టేప్ బంద్ చేసి, ఎల్పీ రికార్డు అట్ట తీసి నా ముందల పెట్టి, దాని మీదున్న మూడు పేర్లలో ఒక పేరు మీద వేలు పెట్టిండు. క్రిస్ విచ్‌హంటర్, ఆ డ్రమ్స్ కొట్టినాయన. "టోట్" అన్నడు. చచ్చిపోయిండని. పోయిన నెలలనే, సెప్టెంబర్ల.

నాకు అప్పటికి వచ్చిన జర్మన్ అంతా కలిపితే నలభై ముక్కలు, అండ్ల ఈ ముక్క ఉంది. ఏమనాల్నో తెల్వక నిలబడ్డ. హీటర్ సంగతి యాదికే లేదు.

ఏ ఊరు అని అడిగిండు, ఇండియా అన్న, ఇండియాలో ఎక్కడ అన్నడు, గోదావరిఖని అంటే ఆయనకేం తెలుస్తది అని మా బాపు చేసే పని చెప్పిన, ఫాటర్, కోల్, అని. జర్మన్‌ల కూడా బొగ్గును కోలే అంటరు, ఆ ఒక్క మాట దొరికినంక ఇంక మిగిలిన మాటలతోని పని పడలేదు. "ఉంటర్ టాగె?" అన్నడు, అంటే భూమి లోపల్నా అని. అవునన్న. ఆయన చొక్కా చెయ్యి మడిచి మోచేతి కింద ఒక మచ్చ చూపించిండు. సన్నగ పొడుగ్గ, నీలం రంగుల, పచ్చబొట్టు లెక్క. అదేందో నాకు చెప్పే పని లేకుండె. బొగ్గు బాయిల దెబ్బ తగిలి తోలు తెగితే కడుక్కునేలోపే బొగ్గు దుమ్ము గాయంలకు పోతది, గాయం మానినా అది తోలు కింద అట్లనే నీలంగ ఉండిపోతది. మా బాపుకు ఎడమ కనుబొమ్మ పైన ఉంటది అట్లాంటిదే, చిన్నప్పుడు ఆయన ఒళ్లె కూసోని దాన్ని వేలితో రుద్దేటోన్ని, పోతదేమో అని.

ఆ సాయంత్రమే పైకి వచ్చి హీటర్ల గాలి తీసిండు, చిన్న తాళంచెవి లాంటిది పెట్టి తిప్పితే బుస్సుమని గాలి పోయి నీళ్లు వచ్చినయి, ఐదు నిమిషాల పని. పోయేటప్పుడు జేబుల నుంచి ఒక క్యాసెట్ తీసి టేబుల్ మీద పెట్టిండు. 90 నిమిషాల టీడీకే. నీలం ఇంకుతోటి, దస్తూరి దిద్దినంత శ్రద్ధగ, ఒక వైపు సోడమ్, ఏజెంట్ ఆరెంజ్, 1989 అని, ఇంకో వైపు క్రియేటర్, ఎక్స్‌ట్రీమ్ అగ్రెషన్, 1989 అని. ముందుది బ్యాండ్ పేరు, తర్వాతది ఆల్బమ్ పేరు. ఆ ఏడాదే ఎల్పీల మీద నుంచి సొంతంగ ఎక్కించుకున్నదట. నా దగ్గర టేప్ రికార్డర్ లేదు, అయినా చెప్పలేదు. ఆదివారం పాత సామాన్ల సంతకు పోయి ఐదు యూరోలకు వాక్‌మన్ కొన్న.

నేను మెటల్ సంగీతం అసలే తెల్వనోన్ని కాదు. బీటెక్‌ల హాస్టల్‌ల ఒకడి కంప్యూటర్ నిండా మెటాలికా, ఐరన్ మెయిడెన్ ఉండేది, అందరం అవే విన్నం. జర్మనీల ఈ తరహా బ్యాండ్లున్నయని మాత్రం ఎవ్వడూ చెప్పలేదు. త్రాష్, అంటే మెటల్‌ల మస్తు వేగంగ, గరుకుగ వాయించే రకం, అమెరికాదే, కాలిఫోర్నియాదే, గంతే అనుకున్నం. మేముంటున్న రూర్ ప్రాంతంలనే, ఒక ఊరికి ఇంకో ఊరికి లోకల్ ట్రైన్‌ల పావుగంట దూరం ఉండే ఊర్లల్ల ఇదంతా పుట్టింది. క్రియేటర్‌ది ఎసెన్, సోడమ్‌ది పక్కనే గెల్సెన్‌కిర్షెన్. డిస్ట్రక్షన్ మాత్రం కింద స్విట్జర్లాండ్ బార్డర్ దగ్గర, టాంకార్డ్‌ది ఫ్రాంక్‌ఫర్ట్. ఈ నాలుగింటినీ కలిపి బిగ్ ట్యుటానిక్ ఫోర్ అంటరు, జర్మన్ త్రాష్‌ల పెద్ద నాలుగు బ్యాండ్లు అని.

ఇగ ఆ క్యాసెట్ సంగతి. మొదటిసారి విన్నది పొద్దుగాల ట్రామ్‌ల, బయట ఇంకా చీకటే, అద్దానికి తల ఆనించి ప్లే నొక్కిన. మొదటి పాట పేరే ఏజెంట్ ఆరెంజ్, ఆరు నిమిషాలు. ఫ్రాంక్ బ్లాక్‌ఫైర్ గిటార్ రంపం కోసినట్టు కోసుకుంట పోతది, ఒక్క పన్ను కూడా తప్పకుండ, దాని కింద విచ్‌హంటర్ డ్రమ్స్, ఆయన కొట్టుడు గడియారం లెక్క ఉండదు, కొంచెం ముందుకు తోసుకుంట పోతది, ఇప్పుడో ఇంకాసేపటికో చెయ్యి తప్పుతదేమో అనిపిస్తది గని తప్పదు. టామ్ ఏంజెల్‌రిప్పర్ బాస్ వాయించుకుంటనే పాడ్తడు, పాడ్తడంటే గొంతు చించుకుని అరుస్తడు, ఇంగ్లీషే గని రూర్ యాసల ఇంగ్లీషు. ఇంత వేగం మీద పోయి పోయి సరిగ్గా పాట పేరు పలికే చోటికి వచ్చేసరికి బండి మొత్తం బరువుగ నెమ్మదిస్తది. ఆ నెమ్మదించుడు నాకు పొట్టలో తెలిసింది. లిఫ్ట్ ఆగేముందు ఎట్లుంటదో అట్ల. ట్రామ్‌ల నా ముందల ఒక ముసలావిడ కూసోని ఉంది, నా మొహం చూసి ఏమనుకుందో ఏమో చిన్నగ నవ్వింది.

దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. క్లాసుకు అరగంట లేటు.

తర్వాత తర్వాత, జర్మన్ కొంచెం వచ్చినంక, ఆదివారం మధ్యాహ్నం ఆయన సెల్లార్‌కు పోవుడు నాకు అలవాటైంది. కాఫీ పోసేది, నేను పులిహోరనో ఇంకేదో డబ్బాల తీస్కపోయేది (చింతపండు పులుపుకు మొదటిసారి కండ్లు మూసుకున్నడు, మళ్లీ అడిగి తిన్నడు). మా ముచ్చట్లల్ల సగం బాయి సంగతులు, సగం ఈ బ్యాండ్ల సంగతులు, ఆయనకైతే ఆ రెండూ వేర్వేరు కాదు. సోడమ్ మొదలైందే అట్ల. 1982 ఆ ప్రాంతంల గెల్సెన్‌కిర్షెన్‌ల పొరగాండ్లు, బొగ్గు బాయిల పని చేసేటోళ్లు, జిందగీ మొత్తం ఇదేనా, దీంట్ల నుంచి బయట పడాలె అని బ్యాండ్ పెట్టుకున్నరు. టామ్ బాయి పని చేసినోడే. వాళ్లకు దేవుళ్లు మోటర్‌హెడ్, వెనమ్. ముగ్గురే మనుషులు, మోటర్‌హెడ్ లెక్కనే. 1985ల వచ్చిన మొదటి ఈపీ, అంటే కొన్ని పాటలే ఉండే చిన్న రికార్డు, వింటే వాయించుడు ఇంకా సరిగ రాలేదని తెలుస్తది, రికార్డింగ్ కూడా గట్లనే ఉంటది, అయినా దాంట్ల ఒక కసి ఉంది, నార్వే దిక్కు బ్లాక్ మెటల్ వాయించినోళ్లు తర్వాత దాన్ని నెత్తిన పెట్టుకున్నరు. 1987ల బ్లాక్‌ఫైర్ వచ్చినంక అసలు గిటార్ వచ్చింది. అప్పుడే పర్సిక్యూషన్ మేనియా ఆల్బమ్, దాని వెనక 1989 జూన్‌ల ఏజెంట్ ఆరెంజ్.

హౌస్‌మైస్టర్ చెప్పేది, మొదట్ల వాళ్లు దయ్యాలూ సైతానూ అనుకుంట పాడిన్రు, అప్పటికి అది మాకు బాగనే ఉండె, గని షిఫ్ట్ నుంచి వచ్చిన మనిషికి సైతాను ఎంతసేపు భయం పెడ్తడు, ఈ ఆల్బమ్‌ల వాళ్లు నిజం మనుషుల గురించి పాడిన్రు, అప్పుడు మాకు ఇది మాది అనిపించింది అని. ఆ మాట ఆయన అన్నప్పుడు నేను డైరీల రాసుకున్న, ఇప్పటికీ ఉంది.

నిజం మనుషులంటే వియత్నాం. అమెరికా సైన్యం 1962 నుంచి 1971 దాకా వియత్నాం అడవుల మీద, పంట చేన్ల మీద విమానాలతోటి కలుపు మందులు చల్లింది. మొత్తం ఏడు కోట్ల లీటర్లకు పైనే. అండ్ల ఎక్కువ చల్లింది ఏజెంట్ ఆరెంజ్, డ్రమ్ముల మీద నారింజ రంగు పట్టీ ఉంటుండె గనక ఆ పేరు. చెట్లు ఆకులు రాల్చుతయి, దాక్కున్నోళ్లు కనపడ్తరు అని చల్లిన్రు. మందుల కలిసిన డయాక్సిన్ మాత్రం మట్టిల, నీళ్లల్ల, మనుషుల ఒంట్లె ఉండిపోయింది, చల్లిన సైనికులకూ రోగాలొచ్చినయి, పుట్టిన పిల్లల దాకా పోయింది ఆ విషం. నాకు ఇది స్కూల్‌ల ఎవ్వరూ చెప్పలేదు. మేం పత్తి చేన్ల మందు కొట్టుడు చూసి పెరిగినోళ్లం, పంపు వీపుకు తగిలించుకుని మూతికి తువ్వాల కట్టుకుని కొట్టుకుంట పోయే మా మామ కనపడ్డడు నాకు ఈ పాట వింటుంటే. యుద్ధం వేరు చేను వేరు, తెలుసు, అయినా కనపడ్డడు.

మ్యాజిక్ డ్రాగన్ అని ఇంకో పాట, క్యాసెట్‌ల ఐదోది. పేరు చూసి ఏదో పిల్లల కథ అనుకున్న. కాదు, ఏసీ 47 అనే విమానానికి అమెరికా సైనికులు పెట్టుకున్న ముద్దు పేరులోది అది. సరుకులు మోసే పాత విమానానికి పక్క నుంచి మూడు మినీగన్లు బిగించిన్రు, ఒక్కొక్కటి నిమిషానికి ఆరు వేల తూటాల దాకా కాలుస్తది. రాత్రిపూట కింద నుంచి చూస్తే ఆకాశంల నుంచి మంటల గొలుసు దిగినట్టు ఉంటదట. పాట కూడా అట్లనే, మెల్లగ, బరువుగ, దూరం నుంచి ఇంజిన్ చప్పుడు దగ్గరికొస్తున్నట్టు మొదలయి, ఇంక తప్పించుకునే టైం లేదు అన్నప్పుడు అందుకుంటది. అట్ట మీద బొమ్మ కూడా యుద్ధ విమానం లోపలిదే, గ్యాస్ మాస్కు పెట్టుకున్న సైనికుడు. ఆండ్రియాస్ మార్షల్ వేసిండు. ఆ మాస్కు మనిషికి పేరుంది, క్నారెన్‌హైంజ్, బ్యాండ్‌కు గుర్తు లాంటోడు. ఆ అట్ట చూసి యుద్ధాన్ని మెచ్చుకుంటున్నరు అనుకునేటోళ్లు ఉంటరు, లోపల మాత్రం అర్థం లేని యుద్ధాలల్ల చచ్చిపోయిన సైనికులకు, మామూలు జనానికి, లోకంల ఎక్కడోళ్లయినా సరే, ఈ ఆల్బమ్ అంకితం అని రాసి ఉంది. సైనికులు, జనం, ఇద్దర్నీ ఒక్క వాక్యంల పెట్టిన్రు. అది నాకు బాగ తాకింది.

జర్మన్ పొరగాండ్లకు వియత్నాంతోని ఏం పని అని నేను ఒకసారి అడిగిన. ఆయన జవాబు చెప్పకుండ క్యాసెట్ ముందుకు తిప్పి ఒక పాట పెట్టిండు. ఔస్‌గెబోంబ్ట్. మూడు నిమిషాల పాట, సగం పంకు, ఆగకుండ ఉరికే పాట. ఇంగ్లీషు పాటకు ఈ ఒక్క జర్మన్ మాట పల్లవి. ఔస్‌గెబోంబ్ట్ అంటే బాంబులు పడి ఇల్లు పోయిన మనిషి. ఆ మాట సోడమ్ వాళ్లు పుట్టించింది కాదు, వాళ్ల అమ్మలు, అమ్మమ్మలు రోజూ వాడిన మాట. రెండో ప్రపంచ యుద్ధంల, 1943ల, ఈ ఎసెన్ మీద ఎన్ని బాంబులు పడ్డయో లెక్క లేదు, ఆయుధాలు చేసే క్రుప్ ఫ్యాక్టరీ ఉంది గనక మళ్లీ మళ్లీ వచ్చి కొట్టిన్రు. హౌస్‌మైస్టర్ వాళ్లమ్మకు అప్పుడు ఏడేండ్లట, ఇల్లు పోయి, చేతిల ఒక గిన్నె పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డదట, ఆ గిన్నె ఎందుకు పట్టుకుందో ఆమెకు ఎప్పుడూ తెల్వదట. యుద్ధం ఎవరు మొదలుపెట్టిన్రు అనేది మా అందరికీ తెలుసు, మేం దాన్ని దాచుకోం అని కూడా చెప్పిండు, అది చెప్పకుండ తన తల్లి ముచ్చట చెప్పడు ఎప్పుడూ. తర్వాత నేను ఎసెన్‌ల టురోక్ అనే క్లబ్బుకు పోయినప్పుడు ఈ పాట వేస్తే లోపలున్నోళ్లందరూ, ఇరవై ఏండ్ల పిల్లలు, అరవై ఏండ్ల తాతలు, అదే మాట గొంతెత్తి అరిచిన్రు. ఆ మాట బరువు ఎవరికి ఎంత తెలుసో నాకు తెల్వదు గని నేను అరవలేక పోయిన, గిన్నె పట్టుకున్న ఏడేండ్ల పిల్లనే యాదికొచ్చింది. పాట అదే ఏడాది మొత్తం జర్మన్‌ల కూడా పాడిన్రు.

రికార్డింగ్ పశ్చిమ బెర్లిన్‌ల, మ్యూజిక్‌ల్యాబ్ స్టూడియోల, హారిస్ జాన్స్ చేసిండు. క్రియేటర్ వాళ్ల ప్లెజర్ టు కిల్ ఆల్బమ్ చేసింది కూడా ఆయనే. గొంతూ, బాస్సూ, గిటార్ ఏదీ ఇంకోదాన్ని మింగదు, అయినా నున్నగ చెయ్యలేదు, గరుకు అట్లనే ఉంచిండు. నా లెక్క ప్రకారం ఈ ఆల్బమ్ బతికిందే ఆ గరుకు మీద. తర్వాత వచ్చిన మస్తు త్రాష్ ఆల్బమ్‌లు, ఈ మధ్య కంప్యూటర్ల సరిచేసినవైతే మరీ, డ్రమ్స్ టకటక టైప్‌రైటర్ లెక్క కొట్టుకుంటయి, మనిషి వాసన ఉండదు. దీంట్ల విచ్‌హంటర్ ఊపిరి తీసుకునుడు కూడా వినపడ్తదా అనిపిస్తది.

ఆల్బమ్ జర్మనీ చార్టులల్ల 36 దాకా ఎక్కింది. ఈ రకం సంగీతానికి, ఆ రోజులల్ల, అది చిన్న సంగతి కాదు. టూర్‌ల వీళ్లకు ముందు వాయించింది సెపుల్టురా, బ్రెజిల్ నుంచి మొదటిసారి యూరప్ వచ్చిన పిల్లలు, ఇంకో రెండేండ్లల్ల వాళ్లు లోకమంతా తెలిసినోళ్లయిపోయిన్రు. హౌస్‌మైస్టర్ ఆ టూర్‌కు పోయిండు. మార్నింగ్ షిఫ్ట్ చేసి, స్నానం చేసి, తిన్నగ పోయిండట. టికెట్ ముక్క ఇంకా ఎల్పీ అట్టలో ఉంది. బెర్లిన్ గోడ కూలింది అదే నవంబర్‌ల. ఇంకో నాలుగు నెలలకు, 1990 మార్చిల, క్రియేటర్, టాంకార్డ్ వాళ్లు తూర్పు బెర్లిన్‌కు పోయి వాయించిన్రు. అవతల దిక్కు పిల్లలు అన్నేండ్లు క్యాసెట్ల మీద క్యాసెట్లు ఎక్కించుకుని, సగం చప్పుడు సగం గరగర విన్నోళ్లు.

ఇగ రిమెంబర్ ద ఫాలెన్. మొదటి సగంల ఆఖరి పాట. వేగం లేదు, నడక పాట, వరుసల నడుస్తున్నట్టు ఉంటది. యుద్ధంల పోయినోళ్లను యాది చేసుకునే పాట. హౌస్‌మైస్టర్ దీన్ని మాత్రం బాయిల పోయినోళ్ల కోసం వింటడు, నాకు అట్లనే చెప్పిండు, మళ్లీ ఏం చెప్పలేదు. నాకూ అంతే. చిన్నప్పుడు మా దగ్గర టైం కాని టైంల సైరన్ మోగితే వాడకట్టుల ఆడోళ్లందరూ చేతిల పని చేతిలనే ఇడిసి గేట్ దిక్కు ఉరికేటోళ్లు, మా అమ్మ ఒకసారి పిండి అంటిన చేతులతోనే పోయింది, నన్ను పక్కింటి పెద్దమ్మ పట్టుకుంది. రెండు గంటలకు బాపు సైకిల్ మీద వచ్చిండు, ఎప్పటి లెక్కనే, టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు వేలాడుకుంట. అమ్మ ఏమీ అనలేదు, లోపలికి పోయి ఆరిపోయిన పిండి మీద నీళ్లు చల్లి మళ్లీ కలిపింది. ఆ రోజు ఇంకో ఇంటికి మనిషి రాలేదు. ఈ పాట వచ్చినప్పుడల్లా ఆ ఇంటి ముందు వేసిన టెంట్ యాదికొస్తది. జర్మన్ బ్యాండ్, ఇంగ్లీషు పాట, కొట్లాట గురించి పాట, వినుడు మాత్రం గోదావరిఖనిల వింట.

ఎవరన్న ఈ సంగీతం వినలేమబ్బా ఒకటే రొద అంటే నాకు కోపం రాదు, వాళ్లకు ఆ చప్పుడు ఇంట్ల లేకుండె అనుకుంట. షిఫ్ట్ సైరన్లు, కోల్ బెల్టు చప్పుడు, రాత్రంతా నడిచే ఫ్యాను, ఇవన్నీ లేని ఊర్ల పెరిగితే నిశ్శబ్దంల నిద్ర పడ్తది. నాకు ఎసెన్‌ల మొదటి నెల నిద్ర పట్టనిది చలికి అనుకున్న, చప్పుడు లేక.

ఒకసారి ఆయన నన్ను మూతబడ్డ ఒక పాత బాయికి తీస్కపోయిండు, మ్యూజియం లెక్క ఉంచిన్రు. స్నానాల హాల్, కావే అంటరు. తల పైకెత్తి చూస్తే కప్పు నిండా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో గొలుసు, గొలుసు కిందికొచ్చి గోడ పక్క కడ్డీకి తాళం. పొద్దుగాల ఇంటి బట్టలు కొక్కేనికి తగిలించి గొలుసు గుంజితే అవి కప్పు దాకా పోతయి, పని బట్టలు ఇంకో హాల్‌ల. వేడి గాలికి తడి బట్టలు పైన ఆరుతయి. కొన్ని కొక్కేలకు ఇంకా చొక్కాలు, బూట్లు వేలాడుతున్నయి, చూడ్డానికి మనుషులు పైకి ఎగిరిపోయి ఆగినట్టున్నరు. ఆయన ఒక గొలుసు పట్టుకుని రెండుసార్లు గుంజిండు, ఖంగు ఖంగుమని మోగింది. "విచ్‌హంటర్" అన్నడు.

ఆ రోజు ఆయన వేసుకున్నది కుట్టె. జీన్స్ చొక్కా చేతులు కత్తిరించి, బ్యాండ్ల పేర్లున్న గుడ్డ ముక్కలు దాని నిండా కుట్టుకుంటరు, జర్మన్‌ల ఆ చొక్కాను కుట్టె అంటరు. తెలుగోడికి ఆ మాట నేర్పే పనే లేదు. వీపు మీద పెద్దది ఏజెంట్ ఆరెంజ్, రంగు వెలిసింది, అంచులల్ల దారం మూడు రంగులల్ల ఉంది, ఊడినప్పుడల్లా ఇంట్ల ఏ దారం దొరికితే దాంతోని కుట్టుకున్నడు, సూది ఆయనదే.

2010ల సెలవులకు ఇంటికి పోయినప్పుడు క్యాసెట్ తీస్కపోయిన. బాపు టేప్ రికార్డర్ ఇంకా ఉండె, దాంట్ల ఎక్కువ ఒగ్గు కథలు, భజనలు నడిచేది. బాపు అప్పుడు హాలేజ్ ఆపరేటర్, తాడుతోటి టబ్బులు గుంజే ఇంజిన్ దగ్గర పని, అందుకే కొంచెం గట్టిగ మాట్లాడితే గని వినపడదు. మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద నడుం వాల్చిండు, నేను తక్కువ సౌండ్‌ల పెట్టుకుని వింటున్న. "పెంచు" అన్నడు. పెంచిన. మ్యాజిక్ డ్రాగన్ మొదలయింది, ఆ మెల్లగ వచ్చే భాగం. బాపు లేచి కూసున్నడు.

"ఇది హాలేజ్ అందుకునే చప్పుడు గదరా" అన్నడు.

తాడు బిగుసుకుని మొదటి టబ్బు కదిలేముందు ఇంజిన్ ఒక రకంగ మూలుగుతదట. ఆరు నిమిషాల పాట మొత్తం విన్నడు, కండ్లు మూసుకుని, మోకాలి మీద వేళ్లు ఆడించుకుంట. అయిపోయినంక అడిగిండు, "కొట్టేది మనిషా, మిషినా?"

"మనిషే బాపు."

"చేతులు పడిపోతయి గదరా పాపం."

చచ్చిపోయిండు రెండేండ్లయింది అని చెప్పిన. అయ్యో అన్నడు, తెలిసినోడు పోయినట్టు. పాడినాయన బాయిల పని చేసినోడు అని చెప్పినంక ఇంక ప్రశ్నలే ప్రశ్నలు. షాఫ్టా ఇంక్లైనా, అంటే నిలువు బాయా ఏటవాలు బాయా? ఎంత లోతు? రూఫ్‌కు సపోర్ట్ ఏం పెడ్తరు? వెయ్యి మీటర్లు దాటి ఉంటయట అక్కడ అంటే నమ్మలేదు, అంత లోతున గాలి ఎట్ల ఆడ్తది, వేడికి మనిషి ఉడికిపోతడు అన్నడు. నాకు జవాబు తెల్వకపోతే ఎసెన్‌కు ఫోన్ కలిపిన. స్పీకర్ పెట్టి ఇద్దరి నడుమ నేను, ఆయన జర్మన్, బాపు తెలుగు, ఫ్యాన్లు, ఏర్ డోర్లు, షిఫ్టు ఎన్ని గంటలు, ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడిన్రు, బిల్లు ఎంతయిందో నాకిప్పటికీ యాదికుంది గని అంత మంచి పైసలు నేను ఎప్పుడూ పెట్టలేదు. ఆఖర్ల హౌస్‌మైస్టర్ "గ్లూక్‌ ఔఫ్" అన్నడు. అక్కడ బాయి మనుషులు ఒకరికొకరు చెప్పుకునే మాట అది, దిగేటప్పుడూ చెప్తరు, ఎక్కేటప్పుడూ చెప్తరు, క్షేమంగ పైకి రా అన్నట్టు. బాపు అదే మాట తిరిగి చెప్పిండు, ఒక్కసారి వినే సరిగ్గ పలికిండు.

ఆ తర్వాత సంగతులు గబగబ చెప్తా. 2012 జూన్‌ల క్రియేటర్ బెంగళూరుకొచ్చింది, హైదరాబాద్ నుంచి మా హాస్టల్ దోస్తులు రాత్రి బస్సెక్కి పోయి చూసిన్రు, గొంతులు పోయి రెండు రోజులు మాట్లాడలేకపోయిన్రు. 2018 డిసెంబర్ 21న బోట్రోప్‌ల ప్రోస్పెర్ హానియెల్ మూతబడ్డది, జర్మనీల ఆఖరి రాతి బొగ్గు బాయి, ఆఖరి బొగ్గు పెళ్లను ప్రెసిడెంట్ చేతుల పెట్టిన్రు. టీవీల చూసినం, హౌస్‌మైస్టర్ ఇంట్ల, ఆయన అప్పటికి రిటైర్మెంట్ దగ్గర పడ్డడు. బాయి మనుషుల పాత పాట అందరూ పాడుతుంటే ఆయన లేచి నిలబడి పాడిండు, నేనూ నిలబడ్డ. టీవీ బంద్ చేసినంక చాలాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. తర్వాత ఎల్పీ పెట్టిండు, మొదటి నుంచి ఆఖరి దాకా.

2024 జూలైల గెల్సెన్‌కిర్షెన్‌ల ఆ నాలుగు బ్యాండ్లూ ఒకే రోజు, ఒకే స్టేజి మీద వాయించినయి. కాలువ ఒడ్డున ఉన్న ఆంఫిథియేటర్, అది కూడా ఒకప్పటి నోర్డ్‌స్టెర్న్ బాయి జాగనే, పక్కనే బాయి టవర్ కనపడ్తది. ఇద్దరం పోయినం, ఆయన మోకాళ్లు నొస్తున్నయని మెట్ల మీద కూసున్నం. బ్లాక్‌ఫైర్ 2018ల మళ్లీ సోడమ్‌ల చేరిండు గనక క్యాసెట్ మీది ముగ్గురిల ఇద్దరు స్టేజి మీద ఉన్నరు. టామ్‌కు అరవై దాటినయి, ఆ గొంతు అదే. డ్రమ్స్ దగ్గర కూసున్న పిల్లగాడు మంచిగ కొట్టిండు, నిజంగ మంచిగ కొట్టిండు. హౌస్‌మైస్టర్ మాత్రం నా చెయ్యి పట్టుకుని ఒక దగ్గర గట్టిగ నొక్కిండు, ఆ చోట క్యాసెట్ల విచ్‌హంటర్ కొంచెం ముందుకు తోస్తడు, ఇక్కడ తొయ్యలేదు. నాకూ తెలిసింది.

క్యాసెట్ ఇప్పుడు నా దగ్గర లేదు. గోదావరిఖనిలనే ఉంది. టైర్డ్ అండ్ రెడ్ అనే రెండో పాటల గిటార్ ఒక్కతే నెమ్మదిగ వాయించే భాగం ఉంటది, ఆ దగ్గర రీలు సాగి శబ్దం కొంచెం ఊగుతది, నాకు ఆ పాట ఫోన్‌ల విన్నా ఊగినట్టే వినపడ్తది. బాపు రిటైరై ఎనిమిదేండ్లు. మొన్న పోయినప్పుడు బీరువ తీస్తే, పాత జీతం చిట్టీలు, క్యాప్ ల్యాంప్ టోకెన్ పెట్టుకున్న అరల, రబ్బరు బ్యాండ్ వేసి ఉంది, నీలం ఇంకు కొంచెం వెలిసింది. తీస్కపోనా బాపు అన్న, అక్కడ ఆయన కూడా అడిగిండు అని.

"ఉండనియ్ బిడ్డా" అన్నడు. "అప్పుడప్పుడు వేసుకుంట."